అపార్ట్‌మెంట్‌లో తడి చెత్త, పొడి చెత్త: ముందు ఆ కవరు ముడి సంగతి చూడండి

పొద్దున ఆరున్నరకి మా వీధిలోకి చెత్త ఆటో వస్తుంది. ముందు పాట వినిపిస్తుంది, ఆ వెనక ఆటో. రెండేళ్ళ కిందట ఒకరోజు పాల ప్యాకెట్లు పట్టుకుని వస్తూ గేటు దగ్గర ఆగాను. ఆటో వెనక నిలబడ్డ ఆవిడ మా ఫ్లాట్ల నుంచి దిగిన కవర్లు ఒక్కోటీ తీసి ముడి విప్పాలని చూస్తోంది. కారకూడదని మనం రెండేసి ముళ్ళు వేస్తాం కదా, అవి గోటికి లొంగవు. చివరికి బొటనవేలితో కవరు పొట్టలో పొడిచి చీల్చింది. నిన్నటి సాంబారు ఆవిడ మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. ఆ సాంబారులో ములక్కాడ పిప్పితో పాటు ఒక షేవింగ్ బ్లేడు. అలా మూడు కవర్లు విప్పింది. నాలుగోది విప్పకుండానే మిగతావన్నీ కలిపి ఆటోలోకి విసిరేసింది.

"వేరు చెయ్యరా అమ్మా?" అని అడిగాను, ఆ పని నాది కానట్టు.

"మీరు ముడెయ్యకండి సార్, చాలు," అంది.

అప్పటికి నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని. 24 ఫ్లాట్లు. ఎవరూ ఒప్పుకోకపోతే నా నెత్తిన పడ్డ పదవి అది. ఆ తర్వాత ఏడాదిలో మేం చేసినవి, చెడగొట్టుకున్నవి, మళ్ళీ సరిచేసుకున్నవి కలిపి రాస్తున్నాను. మీదీ ఇలాంటి బిల్డింగే అయితే అవే తప్పులు మళ్ళీ చేయక్కర్లేదు.

ప్రభుత్వం వైపు నుంచి ఏముంది?

చాలానే ఉంది. ఇంట్లోనే చెత్త వేరు చేసి ఇవ్వాలని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. అంతకు ముందు ఏడాదే హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ ఇంటికి రెండు చొప్పున దాదాపు 44 లక్షల డబ్బాలు పంచడం మొదలుపెట్టింది. తడికి పచ్చది, పొడికి నీలంది. ఇంటింటికీ తిరగడానికి స్వచ్ఛ ఆటోలు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైంది. అందులో పచ్చ, నీలం, ఎరుపు, మూడు డబ్బాలు. ఆ డబ్బాలు ఇప్పుడెక్కడున్నాయో మీ ఇంట్లో ఒకసారి వెతకండి. మా పిన్నిగారింట్లో నీలం డబ్బాలో బియ్యం, పచ్చదాంట్లో బాత్రూం నీళ్ళు.

ఇక 2016 నిబంధనల స్థానంలో కొత్తవి 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వీటి ప్రకారం చెత్త నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ (న్యాప్‌కిన్లు, డైపర్లు), ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. అంటే మందులు, బల్బులు, రంగు డబ్బాలు, బ్యాటరీల వంటివి. రోజుకు 100 కిలోలకు తక్కువ కాకుండా చెత్త వచ్చే చోటు, 40,000 లీటర్లకు తక్కువ కాకుండా నీళ్ళు వాడే చోటు, లేదా 20,000 చదరపు మీటర్లకు తగ్గని ఫ్లోర్ ఏరియా ఉన్న చోటు, ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా సరే, 'భారీగా చెత్త తెచ్చేవారి' లెక్కలోకి వస్తుంది. వాళ్ళు తమ తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువో గ్యాసో చేసుకోవాలి. మీది 70 ఫ్లాట్ల బిల్డింగ్ అయితే ఈ లెక్క మీకు తగిలే అవకాశం ఉంది. 24 ఫ్లాట్లకు తగలదు. కానీ తగలకపోయినా చేయొచ్చు కదా.

డబ్బాలు, ఆటోలు, నిబంధనలు అన్నీ వచ్చి చివరికి ఆగిపోయింది ఆ కవరు ముడి దగ్గరే. అందుకే అక్కణ్ణించే మొదలుపెడదాం.

ముందు ఒక వారం తూకం వేయండి

మీటింగ్ పెట్టకముందే ఈ పని చేయండి. మీటింగులో నలుగురు నాలుగు అంకెలు చెప్తారు, మీ దగ్గర ఒక నిజమైన అంకె ఉండాలి. పాత సామాన్లు కొనేవాళ్ళ దగ్గర ఉండే కొక్కెం తూకం ఒకటి తెచ్చుకోండి. వారం పాటు రోజూ పొద్దున ఆటో రాకముందు మొత్తం చెత్త తూయండి. ఒక్క రోజు మాత్రం చేతులకు గ్లౌజులు వేసుకుని కవర్లు విప్పి తడి ఎంత, పొడి ఎంత విడదీసి చూడండి. ఈ పని వాచ్‌మన్‌కి అప్పజెప్పకండి. మీరే చేయండి. ఆ ఒక్క గంట తర్వాత మీరు ఎవరితో మాట్లాడినా మీ గొంతు వేరుగా ఉంటుంది.

మాకు మామూలు రోజుల్లో 34 నుంచి 38 కిలోలు వచ్చింది. అందులో 20 కిలోలకు పైన తడిదే. ఆదివారం చికెన్ ఎముకలతో ఇంకో నాలుగైదు కిలోలు ఎక్కువ. వేసవిలో మామిడి టెంకలు, పుచ్చకాయ తొక్కలు, ముంజెకాయ బుర్రలు కలిసి లెక్క తలకిందులవుతుంది. కాబట్టి మే నెలలో తూసిన అంకెతో ఏడాదంతా ప్లాను వేయకండి.

తూకంలో తేలేది ఏమిటంటే, తడిని శుభ్రంగా పక్కకు తీస్తే మిగిలేది తక్కువ, అదీ వాసన రాదు. రోజూ తీసుకెళ్ళాల్సిన తొందర కూడా ఉండదు.

వంటింట్లో బకెట్టు: కవరు లేకుండా

అసలు పోరాటం ఇక్కడే. తడి చెత్త బకెట్టులో కవరు వేయొద్దు అనగానే అందరూ అనే మాట ఒక్కటే: "కంపు కొడుతుంది, బకెట్టు ఎవరు కడుగుతారు?" న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా ఉంది.

కంపు కొట్టేది చెత్త కాదు, దాని అడుగున చేరిన నీళ్ళు. సాంబారు, పప్పు, పులుసు మిగిలితే ముందు సింకులో జల్లెడ మీద వంపేయండి, నీళ్ళు దిగాక పిప్పి మాత్రం బకెట్టులో వేయండి. టీ పొడి కూడా అంతే, పిండి వేయాలి. బకెట్టు అడుగున రెండు మడతల న్యూస్‌పేపరు పరవండి. పొద్దున బకెట్టు బోర్లిస్తే పేపరుతో సహా ఉండలా జారి పడుతుంది, గోడలకు పెద్దగా అంటుకోదు. పేపరు కూడా కుళ్ళి ఎరువవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆ తర్వాత ఒక చెంబుడు నీళ్ళు చాలు. ఏడెనిమిది లీటర్ల బకెట్టు, గట్టి మూత. అంతకన్నా పెద్దది కొంటే రెండు రోజులు నిల్వ పెట్టాలనిపిస్తుంది, అప్పుడు మాత్రం నిజంగానే కంపు కొడుతుంది.

కర్రీ పాయింట్ నుంచి వచ్చే పల్చటి కవర్ల గురించి ఒక మాట. 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధమే. అయినా వేడి పప్పు అందులోనే కట్టి ఇస్తారు. మీరు స్టీలు క్యారేజీ తీసుకెళ్ళండి. మొదటి రెండుసార్లు సిగ్గుగా ఉంటుంది, మూడోసారి అతనే రెండు గరిటెలు ఎక్కువ వేస్తాడు. మా ఇంట్లో వారానికి పది కవర్లు తగ్గింది ఒక్క ఈ క్యారేజీతోనే.

ఏది ఎందులో వేయాలి అనేదాని మీద మా వాట్సాప్ గ్రూపులో జరిగినంత చర్చ ఎన్నికల మీద కూడా జరగలేదు. అందరూ తికమకపడే వాటి వరకే చెప్తాను.

పూలు తడి చెత్తే, కానీ దండ దారం కాదు. ఈమధ్య చాలా దండలు ప్లాస్టిక్ దారంతో కడుతున్నారు, అది ఎరువులో ఎన్నాళ్ళున్నా దారంగానే ఉంటుంది. పూలు దూసి వేయండి. గుడ్డు పెంకులు చేత్తో నలిపి వేయండి. విస్తరాకు అసలు ఆకైతే తడి. అట్ట ప్లేటు మీద మెరిసే పొర ఉందంటే అది ప్లాస్టిక్, పొడిలోకి పోవాలి. టీ తాగే పేపరు కప్పులకు కూడా లోపల ఆ పొరే ఉంటుంది. ఇల్లు ఊడ్చిన దుమ్ము, తల వెంట్రుకలు తడిలో వేయకండి. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు తడి చెత్తే అయినా కుళ్ళడానికి నెలలు పడుతుంది. మేం చిప్పలు విడిగా ఒక గోనెసంచిలో వేస్తాం, మా వీధి ఇస్త్రీ బండతను పెట్టెలో బొగ్గులు రాజేయడానికి పట్టుకెళ్తాడు. కొబ్బరి బొండాలు మాత్రం ఎక్కడ తాగారో అక్కడే ఇచ్చి రండి.

పాల ప్యాకెట్టు కత్తిరించేటప్పుడు మూల ముక్క పూర్తిగా తెగకుండా వేలాడేలా కోయండి. ఆ చిన్న ముక్కలే సింకులో, తడి చెత్తలో కలిసిపోయి, ఎరువు జల్లించేటప్పుడు గుప్పెళ్ళ కొద్దీ తేలతాయి. ఖాళీ ప్యాకెట్టులో కొంచెం నీళ్ళు పోసి ఊపి ఆ తెల్లనీళ్ళు కరివేపాకు మొక్కకు పోయండి, ప్యాకెట్టు తిరగేసి ఆరబెట్టండి. కడగని పాల ప్యాకెట్టు ఒక్కటి చాలు, రెండో రోజుకి సంచిడు పొడి చెత్తకూ పుల్లటి కంపు పట్టడానికి.

శానిటరీ, మందులు, బ్లేడ్లు

న్యాప్‌కిన్లు, డైపర్లు పాత పేపరులో చుట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక గుండ్రటి గుర్తు పెట్టండి. ఆ గుర్తు చూస్తే అవతలివాళ్ళు విప్పరు. మా ఇళ్ళల్లో ఈ సంగతి మాట్లాడటానికి మగవాళ్ళు మొహం తిప్పుకున్నారు, ఆడవాళ్ళు ఐదు నిమిషాల్లో తేల్చేశారు. గేటు దగ్గర వీటికి మూత ఉన్న డబ్బా ఒకటి విడిగా ఉండాలి, రోజూ వెళ్ళిపోవాలి.

బ్లేడ్లు, ఇన్సులిన్ సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి బిరడా బిగించండి. కాలం చెల్లిన మందులు, ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులు, పెన్సిల్ బ్యాటరీలు మెట్ల కింద ఒక అట్టపెట్టెలో చేరుస్తూ ఉండండి. ట్యూబులైటులో పాదరసం ఉంటుంది, పగలగొట్టి వేయకండి. పాత ఫోన్లు, ఛార్జర్లు, రిమోట్ల కోసం వేరే సంచి. ఎలక్ట్రానిక్ సామాను తయారు చేసిన కంపెనీల మీదే దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత పెట్టారు కాబట్టి, రిజిస్టర్ అయిన రీసైక్లర్లకు ఇవ్వొచ్చు. ఏడాదికి రెండుసార్లు ఇస్తే సరిపోతుంది.

ఎవరితో మాట్లాడాలి?

నేను చేసిన మొదటి తప్పు: వాట్సాప్ గ్రూపులో ఓనర్లకు పెద్ద మెసేజ్ పెట్టాను. ఇరవై మంది బొటనవేలు చూపించారు. మర్నాడు గేటు దగ్గర మళ్ళీ అవే ముళ్ళు. ఎందుకంటే ఆ మెసేజ్ చదివినవాళ్ళు చెత్త ముట్టరు. 24 ఇళ్ళల్లో 17 ఇళ్ళ చెత్త దింపేది పనమ్మాయిలు. వాళ్ళు ఏడుగురు, ఒక్కొక్కరు రెండు మూడు ఇళ్ళు చేస్తారు. ఆ ఏడుగురినీ ఒక మధ్యాహ్నం పార్కింగులో కూర్చోబెట్టి టీ, మిర్చి బజ్జీలు పెట్టించి, నేల మీద నిజం చెత్త పోసి చూపించాం. అందులో పెద్దావిడ, మా ఇంట్లో కూడా చేసే ఆవిడ, అంది: "ఇదంతా మాకు తెల్సు సార్. అమ్మగారే కవరు లేకపోతే ఊరుకోరు."

కాబట్టి ఇద్దరికీ ఒకేసారి చెప్పాలి. ఇంటావిడ ఎదురుగా పనమ్మాయికి, పనమ్మాయి ఎదురుగా ఇంటావిడకి. మా ఆవిడ, మూడో అంతస్తులో ఉండే టీచరుగారు కలిసి రెండు సాయంత్రాల్లో 24 గుమ్మాలూ ఎక్కి దిగారు. పది నిమిషాలు చొప్పున. కరపత్రాలు ఏమీ పంచలేదు. ఒక్క మాటే: "తడి బకెట్టుకు కవరు వద్దు, ముడి వద్దు." నాలుగు రకాలు, పది నియమాలు ఒకేసారి చెప్తే ఏదీ నిలవదు. మొదటి నెల ఆ ఒక్కటి నిలబెట్టండి.

జరిమానాల జోలికి ముందే వెళ్ళకండి. మేం చేసింది ఏమిటంటే, కవరు ముడితో వచ్చిన చెత్తను వాచ్‌మన్ తీసుకోకుండా మర్యాదగా అదే గుమ్మం ముందు పెట్టి వచ్చేవాడు. ఒక పెద్దాయనకు కోపం వచ్చింది, నేను వెళ్ళి క్షమాపణ చెప్పి, కవరు మాత్రం అక్కడే ఉంచి వచ్చాను. రెండు వారాల్లో 24లో 19 ఇళ్ళు దారికొచ్చాయి. మిగిలిన ఐదు ఇళ్ళకు నాలుగు నెలలు పట్టింది.

మున్సిపాలిటీతో

"మనం వేరు చేసి ఇచ్చినా వాళ్ళు ఆటోలో కలిపేస్తారండీ." ఈ మాట మీకు మొదటి రోజే వినపడుతుంది, చాలాసార్లు నిజం కూడా. దీనికి ఇంట్లో కూర్చుని వాదన పనికిరాదు. ఆటో వెనకాల వెళ్ళి చూడాలి.

నేను స్కూటర్ మీద వెళ్ళాను. ఆటోలో మధ్యలో తడికి, పొడికి అడ్డు పలక ఉంది, కానీ మా వీధి సగం దాటేసరికే పొడి చెత్త వైపు నిండిపోయింది, ఎందుకంటే అట్టపెట్టెలు ఎవరూ చదును చేసి ఇవ్వరు. ఆ తర్వాత ఇంకెక్కడ వేస్తారు? తడి మీదే. తప్పు పూర్తిగా ఆ ఆటో డ్రైవర్‌ది కాదని అప్పుడు అర్థమైంది. అందుకే రోజూ పొడి చెత్త ఇవ్వడం మానేశాం. వారానికి రెండు రోజులు, బుధ, శనివారాలు మాత్రమే ఇస్తాం, అట్టలు తొక్కి చదును చేసి, కట్టలు కట్టి.

మీ వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని కలవండి. ఆంధ్రలో అయితే వార్డు సచివాలయంలో శానిటేషన్, ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ ఉంటారు, అక్కడ మొదలుపెట్టొచ్చు. ఫిర్యాదు కాగితంతో వెళ్ళకండి, మీ తూకం కాగితంతో వెళ్ళండి. "సార్, మా బిల్డింగ్ నుంచి రోజుకు ఇరవై కిలోల తడి తగ్గించేస్తాం. పొడి చెత్త వారానికి రెండుసార్లు విడిగా తీసుకెళ్ళే ఏర్పాటు చేయండి" అంటే ఆయన కుర్చీలో ముందుకు వంగుతాడు. ఆయనకు రోజూ వచ్చేవి ఆటో రాలేదనే ఫోన్లు. చెత్త తగ్గిస్తానని వచ్చినవాణ్ణి ఆయన మర్చిపోడు. మీ తడి చెత్త ఎక్కడికి వెళ్తుంది, పొడి చెత్త ఎక్కడ ఏరతారు, శానిటరీ చెత్త ఎవరు తీసుకెళ్తారు, మీ వీధి మేస్త్రి ఎవరు? ఈ నాలుగూ అడిగి రాసుకోండి. మొదటిసారి వెళ్ళినప్పుడు మాకు రెండింటికే జవాబు దొరికింది. మూడోసారి నాలుగూ తెలిశాయి.

తడి విడిగా వెళ్తే ఏమవుతుందో చూడాలంటే హైదరాబాద్‌లోని బోయినపల్లి కూరగాయల మార్కెట్ సంగతి చూడండి. అక్కడ రోజూ మిగిలిపోయే పది టన్నుల దాకా కూరగాయల వ్యర్థాలతో బయోగ్యాస్ తీసి, రోజుకు 500 యూనిట్ల వరకు కరెంటు చేస్తున్నారు. 2021 జనవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పారు కూడా. మార్కెట్ చెత్త కాబట్టి అందులో డైపర్లు, పాల ప్యాకెట్లు ఉండవు, అదే దాని బలం. ఇంకోవైపు గుంటూరు, విశాఖ దగ్గర, హైదరాబాద్ జవహర్‌నగర్‌లో చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు ఉన్నాయి. వాటికి పొడి చెత్త కావాలి. సాంబారు కలిసిన చెత్త వెళ్తే ముందు ఆ నీళ్ళు ఆవిరి చేయడానికే బోలెడు వేడి పోతుంది. ఎరువు చేసేవాడికీ, కాల్చేవాడికీ ఇద్దరికీ పనికిరాకుండా చేసేది కలిపి ముడేసిన కవరే.

వెనక జాగాలో ఎరువు తొట్లు

ఇది చేయకపోయినా ఫర్వాలేదు, వేరు చేసి ఇస్తే చాలు. కానీ తడి చెత్త మీ గేటు దాటకపోతే 'కలిపేస్తారు' అనే అనుమానమే ఉండదు. మాకు జనరేటర్ వెనక పదిహేనడుగుల ఖాళీ జాగా ఉంది. అందులో మూడు తొట్లు కట్టించాం. ఒక్కోటి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టాలి, గాలి ఆడటానికి. ముందువైపు తీసి పెట్టే చెక్క పలకలు, పైన వాన పడకుండా రేకు, ఎలుకలు రాకుండా జాలీ. అడుగున సిమెంటు వేయకండి. పది సెంటీమీటర్ల మందాన ఎండు కొమ్మలు పరచండి.

లెక్క ఇదీ. రోజుకు ఇరవై కిలోలు వేస్తే ఒక తొట్టి మూడు వారాల్లో నిండుతుంది. నిండాక ఆరు వారాలు కొత్త చెత్త వేయకుండా, వారానికోసారి తిరగేస్తూ వదిలేయాలి. ఆ ఆరు వారాల్లో రెండో తొట్టి, మూడో తొట్టి నిండుతాయి. మూడోది నిండేసరికి మొదటిది ఖాళీ చేయడానికి సిద్ధం. రెండు తొట్లయితే చాలవు, నాలుగోది అక్కర్లేదు.

మొదటి నెల మాది ఘోరంగా చెడిపోయింది. ఉత్త తడి చెత్తే వేసుకుంటూ పోయాం. పదో రోజుకి అడుగు నుంచి నల్లటి నీళ్ళు, అమోనియా ఘాటు, తెల్ల పురుగులు. రెండో అంతస్తు వాళ్ళు కిటికీలు మూసుకుని మున్సిపాలిటీకే ఫిర్యాదు చేశారు, అదీ నా మీద. సెక్రటరీ పదవికి రాజీనామా చేద్దామనుకున్న రోజు అదే.

బాగుపడింది ఒక్క మార్పుతో: ఒక బకెట్టు తడికి ఒక బకెట్టు ఎండు ఆకులు. కొలత తప్పకూడదు. తడి చెత్తలో నత్రజని, నీళ్ళు ఎక్కువ. ఎండు ఆకుల్లో కర్బనం ఎక్కువ. ఆ రెండూ సరిపడా ఉంటేనే సూక్ష్మజీవులు కంపు లేకుండా పని చేస్తాయి. ఆకులు ఎక్కడివి అంటారా, మార్చి, ఏప్రిల్‌లో వీధి ఊడ్చేవాళ్ళు కుప్పలు పోసి తగలబెడతారు, ఆ సంచులు మాకే ఇమ్మని అడిగాం. వాళ్ళకూ పని తగ్గింది. వానాకాలంలో ఆకు దొరకదు కాబట్టి వేసవిలోనే పది పన్నెండు గోనెసంచులు నిల్వ చేసుకోండి. అది లేనప్పుడు కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు. మొదటిసారి మొదలుపెట్టేటప్పుడు ఒక తట్టెడు పేడ, ఒక చెంబుడు పులిసిన మజ్జిగలో కొంచెం బెల్లం కలిపి చల్లండి. ఆ తర్వాత పాత తొట్టిలోంచి రెండు బకెట్ల ఎరువు తీసి కొత్త తొట్టిలో వేస్తే అదే తోడు, పాలల్లో మజ్జిగ చుక్కలాగా.

తేమ చూడటానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ళ మధ్య ఒకటి రెండు చుక్కలు వస్తే సరిగ్గా ఉంది. ధార కారితే ఆకులు వేయండి. పొడిగా రాలిపోతే నీళ్ళు చల్లండి. పని జరుగుతోందా అనడానికి ఒక ఇనుప చువ్వ మధ్యలో గుచ్చి పది నిమిషాలాగి పట్టుకోండి. మొదటి వారం రెండు వారాల్లో లోపల వేడి 50, 60 డిగ్రీలు దాకా పోతుంది, చువ్వ చేతిలో నిలవదు. పైన తెల్లటి బూజు కనపడితే కంగారు పడకండి, అది మంచిదే. పురుగులు కూడా చెత్తను తినేవే, కానీ వాటిని చూస్తే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు కాబట్టి పైన ఎప్పుడూ రెండంగుళాల ఆకు పొర ఉండేలా చూడండి.

చికెన్, చేప ఎముకలు, నూనె మిగులు ఇందులో వేయకండి, పిల్లులు, పందికొక్కులు ఖాయం. అవి ఆదివారం, సోమవారం ఒక చిన్న బకెట్టులో మున్సిపాలిటీ ఆటోకే ఇచ్చేస్తాం. అన్నం వేయొచ్చు, కానీ ఉండగా కాదు, చిదిపి ఆకుల్లో కలిపి.

ఒక తొట్టికి జల్లించాక మాకు 80 కిలోలకు అటూ ఇటూగా ఎరువు వస్తోంది. అందులో సగం మా ఇళ్ళ కుండీలకు, సగం పక్క వీధి స్కూలు తోటకు.

పొడి చెత్త గది

మెట్ల కింద మూడు గోనెసంచులు వేలాడదీస్తే గది అయిపోయినట్టే. పేపరు, అట్టలు ఒకదాంట్లో, గట్టి ప్లాస్టిక్, డబ్బాలు, సీసాలు, ఇనుము ఇంకోదాంట్లో, కవర్లు, చిప్స్ ప్యాకెట్లు మూడోదాంట్లో. మొదటి రెండూ పాత పేపర్లాయన కొంటాడు. మూడోదానికి డబ్బు రాదు, చిప్స్ ప్యాకెట్టులో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి దాన్ని కరిగించి మళ్ళీ వాడటం కష్టం. అది మున్సిపాలిటీ పొడి చెత్తకే ఇవ్వాలి. సీసాలు, డబ్బాలు కడిగి ఇస్తే పాత పేపర్లాయన పేచీ పెట్టడు.

వచ్చిన డబ్బు అసోసియేషన్ ఖాతాలో వేయకండి. మేం మొదట అలాగే వేశాం, వాచ్‌మన్ భార్యకు సంచుల మీద శ్రద్ధ పోయింది. ఆ డబ్బు ఆవిడదే అని తేల్చిన నెల నుంచి పేపరు ముక్క కూడా తడిలోకి పోవడం లేదు.

పండగలు, అద్దెకు వచ్చేవాళ్ళు

ఏడాదిలో రెండు మూడు రోజులు మీ ఏర్పాటంతా కూలిపోతుంది, ముందే తెలుసుకోండి. వినాయక చవితికి పత్రి, తొమ్మిది రోజుల పూలు, మట్టి విగ్రహం. పత్రి మొత్తం తొట్టిలోకే, విగ్రహాన్ని బకెట్టు నీళ్ళలో కరిగించి ఆ మట్టి మొక్కలకు. దీపావళి మర్నాడు టపాకాయల కాగితం ఎరువులో వేయకండి, మందు ఉంటుంది. ఎవరింట్లోనైనా పెళ్ళో గృహప్రవేశమో ఉంటే ముందు రోజే క్యాటరింగ్ వాళ్ళకు రెండు డ్రమ్ములు ఇచ్చి, ఒకదాని మీద 'ఆకు, అన్నం', రెండోదాని మీద 'గ్లాసులు, సీసాలు' అని సున్నంతో రాయండి. 'తడి, పొడి' అని రాస్తే పెళ్ళి హడావిడిలో ఎవరికీ అర్థం కాదు. నీళ్ళు ఉన్న సీసా తడా పొడా అని ఒకాయన నన్ను నిజంగానే అడిగాడు.

ఇక అద్దెకు కొత్తవాళ్ళు దిగినప్పుడు, తాళంచెవితో పాటు మూత ఉన్న పచ్చ బకెట్టు చేతికివ్వండి, అడుగున న్యూస్‌పేపరు ముందే పరిచి. పోయిన నెల మా నాలుగో అంతస్తుకి కొత్త కుర్రాళ్ళు ముగ్గురు వచ్చారు. మొదటి రోజు పొద్దున బకెట్టులో కవరు వేసి, రెండు ముళ్ళు వేసి కిందకి తెచ్చారు. ఆటో దగ్గర ఆవిడే ఉంది. కవరు చూసి నా వైపు తిరిగి నవ్వింది. "కొత్తోళ్ళా సార్?" అని, ఆ కుర్రాడి చేతికే కవరు తిరిగిచ్చి, "విప్పు నాన్నా, నువ్వే విప్పు," అంది. అతను గేటు దగ్గర నిలబడి రెండు నిమిషాలు ఆ ముడితో కుస్తీ పట్టాడు. ఆటో అప్పటిదాకా ఆగింది.